వంత అందని చరణం

మొన్న ఆదివారం మా అపార్టుమెంటు కింద హాల్లో సభ పెట్టారు. పది రోజులుగా టీవీల్లో యుద్ధం తప్ప వేరే మాట లేదు. పిల్లల బుగ్గలకు రంగులు పూశారు, పెద్దవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుని ఆవేశపడ్డారు. మా కోడలు ఊరుకోక నేను చిన్నప్పుడు స్టేజీల మీద పాడేదాన్నని ఎవరికో చెప్పినట్టుంది. సెక్రటరీ గారి భార్య వచ్చి, "ఆంటీ, రక్తం మరిగే పాట ఒకటి పాడండి" అని మైకు నా చేతిలో పెట్టింది. అలాంటి పాట నాకొకటి వచ్చు. అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. కానీ మైకు నోటి దగ్గరికి రాగానే నాకు తట్టింది ఆ పాట కాదు, పచ్చి చెక్క పొట్టు వాసన.

ఉదయగిరిలో మా ఇల్లు దుర్గం కిందనే. ఎక్కడెక్కడి వాళ్ళో ఆ కొండ చూడ్డానికి వచ్చేవాళ్ళు గానీ మాకు అదంత గొప్పగా ఉండేది కాదు. కొండ మీద మబ్బు దిగితే అమ్మ ఆరేసిన వడియాలు ఎత్తేది, అంతవరకే దాంతో పని. మా వీధిలో సగం ఇళ్ళు చెక్క చెంచాలు చేసే సాయిబులవి. కొండ నుంచి తెచ్చిన కర్రని బాడిసెతో చెక్కి, ఆకురాయితో రుద్ది, గరుకు కాగితంతో నునుపు చేసేవాళ్ళు. పొద్దుటి నుంచీ ఆకురాయి చప్పుడు, వీధంతా ఆ పొట్టు వాసన. వాన పడితే అది ఇంకా ఘాటుగా, కొంచెం తియ్యగా ఉండేది.

మా పక్కిల్లు బూబమ్మది. మా అమ్మ ఆమెను పిన్నమ్మా అని పిలిచేది కాబట్టి నాకు అవ్వ అయింది. నేను రెండూ కలిపి బూబవ్వ అనేదాన్ని. భర్త పోయాక ఆమే ఆకురాయి పట్టింది. చేప తలకాయ పిడి ఉండే చెంచాలు ఆమె చేసినంత బాగా మగవాళ్ళు కూడా చేసేవాళ్ళు కాదని నాయన అనేవాడు. ఒక్కడే కొడుకు, మిలిట్రీలో చేరాడు. అమ్మకు తమ్ముడి వరస, నాకు మామ.

బడి వదలగానే నేను బూబవ్వ అరుగు మీదే ఉండేదాన్ని. ఒకసారి చేప చెంచా దొంగతనంగా తీసుకుని బొమ్మను చేసి ఆడుకుంటుంటే విరిగింది. పొట్టు కుప్పలో దాచాను. మర్నాడు ఆమె ఆ విరిగిన ముక్కనే చెక్కి చిన్న చెంచా చేసి నా చేతిలో పెట్టింది. "విరగ్గొట్టినదానివి నువ్వే, దాచినదానివి నువ్వే. ఇంద, దీంతోనే బెల్లం తిను" అంది. తిట్టి ఉంటే మర్చిపోయేదాన్ని.

ఆమె గొంతు గురించి చెప్పాలి. తియ్యటి గొంతు కాదు. లోపల ఎక్కడో గీరుకున్నట్టు ఉండేది. పీర్ల పండగ ఆఖరి రోజు, పీర్లను నీళ్ళకు తీసుకుపోయే ముందు, చావిడి ఎదుట ఆడవాళ్ళంతా చేరి శోకం పాడేవాళ్ళు. ఎడారిలో గుక్కెడు నీళ్ళు దొరక్క యుద్ధంలో నేలకొరిగిన బిడ్డల పాట అది. సాయిబుల ఆడవాళ్ళూ, మా ఆడవాళ్ళూ, గొర్రెలు కాసే ఇళ్ళ ఆడవాళ్ళూ అందరూ వచ్చేవాళ్ళు. ఊదు పొగ, బెల్లం పానకం, చేతుల్లో జిడ్డు కారే మలీద ముద్దలు. మేము పిల్లలం మలీద కోసం రెండు మూడు సార్లు వరసలో నిలబడేవాళ్ళం, ముఖం తుడుచుకుని కొత్తవాళ్ళలా.

పాత చరణాలు అయిపోయాక, ఆ ఏడాది అకాలంగా పోయినవాళ్ళకి ఒక్కొక్కరికి ఒక కొత్త చరణం పాడేవాళ్ళు. పాము కరిచిన గొర్రెల కాపరైనా, కాన్పులో పోయిన కోమట్ల కోడలైనా సరే, కులం గిలం లేదు. చరణం కట్టేది బూబవ్వ. ఆమె పాడగానే చుట్టూ ఉన్నవాళ్ళు వంత అందుకోవాలి:

"నీళ్ళు పోయండయ్యా, నీడనుంచండయ్యా."

వంత పడగానే పోయినవాళ్ళ తరఫున ఒకరు కొత్త కుండలోంచి నేల మీద నీళ్ళు పోస్తారు. దానికో నియమం ఉంది. చరణం కట్టినవాళ్ళు, నీళ్ళు పోసేవాళ్ళు వంత పాడకూడదు. బయటివాళ్ళే పాడాలి. "సొంతోళ్ళు ఏడిస్తే ఏముండాదే? పరాయోళ్ళు ఏడవాల" అనేది బూబవ్వ. వంత అందకపోతే ఆ చరణం చెల్లదు, నీళ్ళు పోయకూడదు. అయితే అందకపోవడం అనేది అంతవరకు ఎవరూ చూసి ఎరగరు.

నాకు పదేళ్ళున్నప్పుడు చలికాలంలో యుద్ధం వచ్చింది. మా ఊరికి అది టీ అంగడి రేడియోలోంచి వచ్చింది. పొద్దున వార్తలప్పుడు అంగడి ముందు కాలు పెట్టను సందు ఉండేది కాదు. మా బళ్ళో డ్రిల్లు అయివారు సొంతంగా ఒక యుద్ధం పాట రాసి, డప్పు వరస పెట్టి మాకు నేర్పించాడు. నా గొంతు పెద్దది కాబట్టి ముందు నిలబడి పాడేది నేను. అందులో ఒక లైను ఉండేది, పగవాడి గడప మీద తల్లులు గుండెలు బాదుకోవాలని. అక్కడ డప్పు మూడు దెబ్బలు పడేది. ఆ మూడు దెబ్బల కోసం మేము కాచుకుని ఉండేవాళ్ళం.

ఒకరోజు బూబవ్వ అరుగు మీద చెంచాలకు గరుకు కాగితం రుద్దుతూ ఆ పాటే పాడాను. ఆమె అంతా విన్నది.

"బాగుండాది. గుండెలు బాదుకునే ఆ తల్లి ఏం జేసిందంట?"

"ఆమె శత్రువు వాళ్ళ అమ్మ బూబవ్వా."

"అయితే?"

నాకు చిరాకేసింది. "అయితే ఏంది? ఏడవాల. పాటలో అట్లనే ఉండాది."

ఆమె మళ్ళీ ఆకురాయి అందుకుంది. అప్పటికి మామ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి నెల దాటింది. పోస్టుమాన్ వీధి మొగలో కనపడగానే ఆమె చేతిలో పని ఆగిపోయేది. ఆయన దూరం నుంచే తల అడ్డంగా ఊపి, ఎండకి తల వంచుకుని వెళ్ళిపోయేవాడు. ఇదంతా నా కళ్ళ ముందే జరిగింది. అయినా ఆ లైనుకీ ఈ అరుగుకీ సంబంధం ఉందని నాకు తోచలేదు. పదేళ్ళ పిల్లకి ఎలా తోస్తుందని మీరనొచ్చు. తోచి ఉండాల్సింది అని ఈ రోజుకీ అనుకుంటాను.

యుద్ధం గెలిచాక ఆత్మకూరులో పెద్ద సభ చేశారు. మా నాయన ఆత్మకూరు బస్సు డ్రైవరు. ఆ రోజు ఆయన బస్సులోనే మా బడి పిల్లలందరం వెళ్ళాం. దారి పొడుగునా పాటే. అక్కడ హోటల్లో అయివారు మాకు పూరీలు తినిపించాడు, నూనె వేళ్ళు గౌన్లకు తుడుచుకుని స్టేజీ ఎక్కాం. తల్లులు ఏడవాలనే లైను రాగానే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, మళ్ళీ మళ్ళీ పాడించారు. అంతమంది నా గొంతుతో ఊగడం నాకు జ్వరం వచ్చినట్టు, హాయిగా ఉంది. నిజం చెప్తున్నాను, ఆ హాయి తర్వాత నాకు ఏ పాటలోనూ దొరకలేదు. స్టీలు టిఫిన్ బాక్సు బహుమతిగా ఇచ్చారు.

ఆ వారంలోనే దుత్తలూరు నుంచి కబురు వచ్చింది. అయివారి అక్క కొడుకు సరిహద్దులో చనిపోయాడని. అయివారు నాలుగు రోజులు బడికి రాలేదు. వచ్చాక మాతో పాట పాడించలేదు. ఒక సాయంత్రం బూబవ్వ గుమ్మం ముందుకు వచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా, "బూబమ్మా, మావోడికి ఒక చరణం కట్టు" అన్నాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టింది. పిల్లాడు ఏం తినేవాడు, ఎట్లా నవ్వేవాడు అని ఒక్కొక్కటే అడిగింది. పెద్ద మీసాల అయివారు అలా ఏడవడం నేను మా గోడ పక్కనుంచి చూశాను.

శివరాత్రి దాటాక, పీర్లు నిలబెట్టిన రోజుల్లో మామ సెలవు మీద వచ్చాడు. బస్సు దిగగానే దండలు వేసి ఊరేగించారు. ఎవరింటికి పోయినా కోడికూర, ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న. నేనూ అడిగాను, అరుగు మీద ఆయన పక్కన కూర్చుని. "మామా, ఎంతమందిని చంపినావు?"

ఆయన చేతిలో నీళ్ళ చెంబుంది. సగం తాగి ఆపాడు. "లెక్క తెలీదు పాపా. ఒకడ్ని మాత్రం చూసినా" అన్నాడు. ఆ మిగతా సగం తాగలేదు.

ఆ మధ్యాహ్నం బూబవ్వకు ఆయన చెప్పింది నేను విన్నాను. వాళ్ళింట్లో ఉర్దూలో మాట్లాడుకుంటారు, గోడకవతల పెరిగినదాన్ని కాబట్టి నాకు తెలిసేది. ఇసుకలో రెండు వైపులా కాల్పులు ఆగాక, నడిమధ్యలో అవతలి దేశం పిల్లాడు ఒకడు పడి ఉన్నాడట. పోవద్దని ఆర్డరు. వాడు పొద్దుటి నుంచి మాపటేల దాకా నీళ్ళు అడిగాడు. తర్వాత అడగలేదు.

"పానీ, పానీ అన్నాడమ్మీ. మనింట్లో అడిగినట్టే అడిగినాడు. నా సీసాలో నీళ్ళుండాయి. నేను పోలేదు."

బూబవ్వ చేతిలో ఆకురాయి పక్కన పెట్టింది. తర్వాత, "వాడికెవరూ నీళ్ళు పోసి ఉండరు" అంది. మర్నాటికి చరణం కట్టేసింది.

"పేరు తెలియని బిడ్డ, ఊరు తెలియని బిడ్డ
పానీ పానీ అంటు ప్రాణాలు విడిచాడు
అవతలి వాడైతె అమ్మ లేకుండునా"

నాకు ఒక్కసారి వింటే చాలు, వచ్చేసేది. వచ్చింది దాచుకోవడం మాత్రం చేతకాదు. బళ్ళో అయివారు తన మేనల్లుడి చరణం మెల్లిగా పాడుకుంటూ, "మావోడిదే ఆఖరిది గదా పాపా?" అన్నాడు. కాదు సార్, ఇంకోటి ఉందని చెప్పి, మెచ్చుకుంటాడని గట్టిగా పాడి వినిపించాను. ఆయన ముఖంలో రక్తం లేదు. "మావోడి పక్కన వాడికా? మావోడిని చంపినోడికా?" అన్నాడు. నన్ను కాదు, గోడను అడిగినట్టు.

సాయంత్రానికి చావిడి పెద్దలు, వీధి పెద్దలు బూబవ్వ ఇంటి ముందు చేరారు. నాయన కూడా డ్యూటీ దిగి వచ్చి అయివారి పక్కన నిలబడ్డాడు. ఎవరో, "ఎంతైనా వాళ్ళు వాళ్ళే" అన్నారు, వినపడేట్టుగానే. వారం కింద దండలు వేసిన మామ గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నాడు.

"నా కొడుకు పోయింటే అవతల ఎవరన్నా ఒక చరణం కట్టేవాళ్ళా కాదా నాకు తెలీదు" అంది బూబవ్వ. "కట్టాలని మాత్రం కోరుకునేదాన్ని. దుత్తలూరు బిడ్డకి కట్టినా, వీడికీ కట్టినా. రెండూ పాడతా."

పెద్దాయన ఒకరు లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "పాడుకోమ్మా. నోరు నీది. వంత ఎవరందుకుంటారో మేమూ చూస్తాం."

అయివారు అక్కడి నుంచి మా ఇంటికి వచ్చాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు సులువయ్యేది. నా తల మీద చెయ్యి వేసి, "నువ్వు మొదలుపెడితే ఆడోళ్ళందరూ నీ ఎనకే అందుకుంటారు తల్లీ. నువ్వు నోరు మెదపొద్దు. మావోడి మీద ఒట్టు" అన్నాడు. నాయన నేల చూస్తూ ఊరుకున్నాడు.

ఆఖరి రోజు పొద్దు వాలుతుండగా చావిడి ముందు జనం కిక్కిరిశారు. డప్పులు ఆగాయి. బూబవ్వ పాత చరణాలు పాడింది, వంత హోరుమని లేచింది. దుత్తలూరు పిల్లాడి చరణం పాడింది. వంత పాడుతూ ఆడవాళ్ళు ఏడ్చారు, నేనూ ఏడ్చాను. అయివారు కుండ ఎత్తి నీళ్ళు పోశాడు. తర్వాత ఆమె ఒక్క క్షణం ఊపిరి తీసుకుని, పేరు తెలియని బిడ్డ చరణం అందుకుంది. మామ జనంలోంచి ముందుకు వచ్చి కొత్త కుండ రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ బిడ్డకు నీళ్ళు పోసేవాళ్ళు ఇంకెవరున్నారు?

మూడు లైన్లూ అయ్యాయి. వంత రాలేదు.

ఆమె మళ్ళీ మొదటి నుంచి పాడింది. ఈసారి నా వైపు చూసింది, అడిగినట్టు కాదు, నేను అక్కడున్నానా లేదా అన్నట్టు. నా నోట్లో మాట ఉంది. నీళ్ళు అన్న మాట నాలుక మీదే ఉంది. జనంలో అయివారి ఎర్రటి కళ్ళు కనపడ్డాయి. అమ్మ నా భుజం పట్టుకుని ఉంది. నేను అందుకుంటే తనూ అందుకుందామని కాచుకున్నట్టు చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది. ఆత్మకూరులో అంతమందిని లేపిన గొంతు మా ఊరి చావిడి ముందు లేవలేదు.

మామ కుండ కింద పెట్టలేదు. నిండు కుండ అలాగే ఎత్తుకుని ఇంటికి నడిచాడు. ఒక్క చుక్క తొణకలేదు. పానకం గ్లాసు నాకెవరో ఇచ్చారు గానీ తాగలేకపోయాను.

మర్నాడు నేను అరుగు మీదికి పోలేదు. వారానికి బూబవ్వే పిలిచి ఎప్పటిలా గరుకు కాగితం చేతికిచ్చింది. ఆ తర్వాతి ఏళ్ళలో పీర్ల ఆఖరి రోజు నేను చావిడి ముందుకు పోలేదు. స్టీలు టిఫిన్ బాక్సు మాత్రం నేను మళ్ళీ బడికి తీసుకుపోలేదు. అమ్మ అందులో పోపుగింజలు పోసుకుంది.

పదేళ్ళు దాటాక, పెళ్ళయి ఆత్మకూరులో కాపురం ఉంటున్నప్పుడు, అక్కడి బస్టాండులో గుడ్డ పరిచి చెంచాలు అమ్ముతున్న మామ కనిపించాడు. మిలిట్రీ మానేసి ఆకురాయి పట్టాడట. బూబవ్వ పోయి రెండేళ్ళయింది.

"అమ్మీ ఉన్నన్నాళ్ళు ఏటా పాడింది" అన్నాడు. "ఆఖర్న ఆ చరణం. ఎవరూ అందుకోలేదు. ఆమె ఎవర్నీ అడగనూ లేదు."

"కుండ?"

"ఏటా నింపి వాకిట్లో పెడుతుండా. వంత లేకుండా పోసేది లేదు గదా."

అక్కడే పాడి ఉండొచ్చు. జనం ఉన్నారు, గొంతు ఉంది, అయివారు లేడు, ఒట్టు లేదు. ఇప్పుడు పాడనా మామా అనాలనుకున్నాను. బస్సులోంచి మా ఆయన పిలిచాడు, హారను కొట్టారు, నాకు సిగ్గేసింది. ఒక చేప చెంచా నా చేతిలో పెట్టి, "ఈసారి విరగ్గొట్టొద్దు" అని నవ్వాడు. బస్సెక్కేశాను. చావిడి ముందు నేను చిన్నపిల్లని. బస్టాండులో కాదు.

మొన్న హాల్లో మైకు పట్టుకుని నిలబడ్డప్పుడు ఇదంతా వరసగా వచ్చింది. ఇది మా ఊరి పాట అని మాత్రం చెప్పి, ఆ మూడు లైన్లూ పాడాను. ఇప్పుడు నా గొంతూ బూబవ్వ గొంతులాగే గీరుకుపోయి ఉంది. తర్వాత వంత పాడాను, రెండుసార్లు. హాల్లో చప్పట్లు లేవు. వెనక ఒక కుర్రాడు, "ఇది ఎవరి వైపు పాట?" అని పక్కవాణ్ణి అడిగాడు. సెక్రటరీ గారి భార్య మైకు తీసుకుని గబగబా తర్వాతి వాళ్ళని పిలిచింది. మా కోడలు ముఖం ఎర్రబడింది. నేను మెట్లెక్కి పైకి వచ్చేశాను.

వంటింట్లో గరిటెలు అరిగినప్పుడల్లా మామకి ఫోన్ చేసి తెప్పించుకుంటుంటాను. ఇన్నేళ్ళూ గరిటెల మాటే తప్ప ఇంకో మాట ఎత్తలేదు. ఇప్పుడు ఆయనకి చెవి సరిగా వినపడదు, గట్టిగా చెప్పాలి. పైకి రాగానే ఆయనకి ఫోన్ చేశాను.

"మామా, వంత పాడినాను. ఆ చరణానికి."

"నలుగురిలో పాడినావా?"

"వంద మంది ఉన్నారు. ఎవురికీ నచ్చలేదు మామా."

"నచ్చేదానికి గాదు గదా అది" అన్నాడు. "నువ్వు ఆ బిడ్డ ఇంటిదానివి గాదు. చరణం నువ్వు కట్టలేదు. చెల్లుతాది. ఉండు, ఫోన్ పెట్టేయొద్దు."

కుర్చీ జరిగిన చప్పుడు, చెప్పులు ఈడ్చుకుంటూ వాకిట్లోకి నడిచిన చప్పుడు వినిపించాయి. ఆ తర్వాత నీళ్ళు నేల మీద పడడం వినిపించింది. కుండ పెద్దదే అనుకుంటాను, ఖాళీ కావడానికి చాలాసేపు పట్టింది.